చిటికెడు ఉప్పు: నల్లగొండ జిల్లాలో ఒక ఊరి నల్లా నీళ్ల కేస్ స్టడీ

2021 మార్చి చివర్లో ఒక సర్పంచ్ నాకు వాట్సాప్‌లో వీడియో పంపి, కింద ఒక్క మాట రాశారు: "సార్, ఇది నిజమేనా?"

వీడియో రెండు నిమిషాలు కూడా లేదు. బల్ల మీద రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో ఫిల్టర్ నీళ్లు. ఒక కుర్రాడు చిన్న పరికరం తీసి, దాని కడ్డీలు ఒక్కో గ్లాసులో రెండేసి మునిగేలా పెట్టి ప్లగ్గు గుచ్చాడు. కాసేపట్లోనే నల్లా నీళ్లలో పచ్చగా పొగలాంటిది లేచింది. చూస్తుండగానే అది గోధుమ రంగుకు తిరిగి, పైన తెట్టు కట్టింది. రెండో గ్లాసు మాత్రం తేటగా అలాగే ఉంది. "మీ పిల్లలకు మీరు పోస్తున్నది ఇదే" అంటాడు కుర్రాడు. అక్కడికి వీడియో అయిపోతుంది.

నేను కెమిస్ట్‌ని. నీళ్ల పరీక్షలే నా పని. మొదట్లో ల్యాబ్‌లో కూర్చుని చేసేవాణ్ని, తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఊళ్లు తిరిగి చేస్తున్నాను. ఆ గ్లాసులో ఏం జరిగిందో నాకు చూడగానే అర్థమైంది. అది ఊరికి అర్థమయ్యేలా చెప్పడానికి మాత్రం నెలలు పట్టింది. ఆ నెలల్లో మేం చేసిన పొరపాట్లు, కుదిరిన పనులు, ఆ మరుసటి ఏడాది వచ్చిన ఒక గండం ఇక్కడ రాస్తున్నాను. ఊరు మునుగోడు వైపు. ఊరివాళ్లు అడిగారు కాబట్టి పేరు రాయడం లేదు.

ఈ నేల, ఈ నీళ్లు

ఇటువైపు నేలంతా గ్రానైట్ రాయి. ఆ రాయిలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి, అవి భూగర్భ జలంలోకి కొద్దికొద్దిగా కరుగుతాయి. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగున కూర్చోబెడుతుంది. ఇక్కడి నీళ్లలో కాల్షియం తక్కువ, క్షారం ఎక్కువ. అందుకే కరిగిన ఫ్లోరైడ్ కరిగినట్టే ఉండిపోతుంది. చెరువులు ఎండి, బావులు ఎండి, బోర్లు లోతుకు పోయేకొద్దీ రాయితో ఏళ్ల తరబడి కలిసి ఉన్న నీళ్లు పైకొచ్చాయి. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు. ఈ ఊరి బడి పక్కనున్న పాత బోరింగు నీళ్లలో 4కు దగ్గరగా వచ్చింది.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. కాల్షియం తక్కువ కాబట్టి ఈ నీళ్లు నాలుకకు మెత్తగా, తియ్యగా తగులుతాయి. పప్పు తొందరగా ఉడుకుతుంది. "ఆ బోరింగు నీళ్లతోటి వండితేనే పప్పు మంచిగుంటది బిడ్డా" అని ఒక పెద్దమ్మ నాతో అంది. ఆమె మోకాళ్లు వంగిపోయాయి. గడప దాటడానికి గోడ పట్టుకోవాల్సిందే. ఆమె చెప్పిన పప్పు మాట నిజం. ఆమె మోకాళ్లూ నిజం. ఈ రెండూ ఒకే నీళ్లవని నమ్మించడం అంత తేలిక కాదు. మరగబెడితే పోతుందని చాలామంది అనుకుంటారు. మరగబెడితే నీళ్లు ఆవిరై, మిగిలిన వాటిలో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది తప్ప తగ్గదు.

ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలకు, పళ్లకు పట్టే ఈ జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో దాని గురించి తొలి శాస్త్రీయ నివేదిక 1937లో తెలుగు నేల నుంచే వచ్చింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో దాన్ని గుర్తించారు. ఆ తర్వాత చాలా ఏళ్లకు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతి కనిపెట్టింది. దానికి మా జిల్లా పేరే పెట్టి 'నల్లగొండ పద్ధతి' అన్నారు. 1980లో కదిరిలో ఆ పద్ధతితో ఊరికంతటికీ నీళ్లిచ్చే ప్లాంటు కూడా పెట్టారు. ఇంట్లో బకెట్లో కూడా చేసుకోవచ్చు. అయితే ఎంత పటిక వేయాలన్నది ఆ నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉంది, ఎంత క్షారం ఉంది అన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ అంకె చెప్పేవాళ్లు ఊళ్లో ఉండరు. నేను తిరిగిన ఊళ్లలో దాన్ని రోజూ వాడే ఇల్లు ఒక్కటీ చూడలేదు.

1996 లోక్‌సభ ఎన్నికలను ఈ జిల్లావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నీళ్ల గోడు దేశానికి వినబడాలని వందల మంది నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. అన్ని పత్రికలూ రాశాయి. కొండంత సమస్య పక్కింట్లో ఉన్నా, అది వార్త కావడానికి అంత పని చేయాల్సి వచ్చింది. ఈ కేసంతటా నాకు ఆ ఎన్నికే గుర్తొస్తూ ఉంది. ఇక్కడ నీళ్ల కథ ఎప్పుడూ వార్త కథతో ముడిపడే నడిచింది.

ఆ తర్వాత ఊరూరా ఆర్‌ఓ ప్లాంట్లు, అంటే నీళ్లను సన్నని పొరలోంచి ఒత్తిడితో పంపి లవణాలను తీసేసే ప్లాంట్లు, వచ్చాయి. జనం వాటిని 'ఫిల్టర్' అంటారు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన పథకం మిషన్ భగీరథగా ముందుకు సాగి కృష్ణా నీళ్లు ఇటు వచ్చాయి. మా కేసు ఊరికి కూడా ఇంటింటికీ నల్లా వచ్చింది. ట్యాంకు దగ్గర నేను పట్టిన నమూనాలో ఫ్లోరైడ్ 0.5 ఉంది. ఎనభై ఏళ్ల బాధకు విరుగుడు గడపలోకి వచ్చిందన్నమాట. సరిగ్గా అప్పుడే ఈ వీడియో దిగింది.

ఇళ్లు తిరిగితే తెలిసింది

ఏప్రిల్లో ఆశా వర్కర్‌తో కలిసి ఇళ్లు తిరిగాం. "ఏ నీళ్లు తాగుతున్నారు?" అని అడగలేదు. అలా అడిగితే మనకు నచ్చే జవాబే చెబుతారు. "దాహమేస్తోంది, నీళ్లివ్వండి" అన్నాం. ఏ బిందెలోంచి ముంచి ఇచ్చారో చూసుకున్నాం. నల్లా నీళ్ల బిందెలోంచి ఇచ్చిన ఇల్లు పదింటికి ఒకటి కూడా లేదు. నల్లా నీళ్లు బట్టలకు, బాసన్లకు, బర్రెలకు పోతున్నాయి.

డబ్బున్న ఇళ్లలో ఇరవై లీటర్ల ఫిల్టర్ డబ్బా ఉంది. దాని మీద నాకు పేచీ లేదు. నది నీళ్లు రాకముందు ఈ ఊళ్ల పిల్లల్ని కాపాడింది ఆ ఫిల్టర్ నీళ్లే. ఆర్‌ఓ ఫ్లోరైడ్‌ను బాగానే తీసేస్తుంది. నాకు కడుపు మండింది వేరే చోట. డబ్బా కొనలేని ఇళ్లవాళ్లు వీడియో చూసి నల్లా మానేశారు, మానేసి పాత బోరింగుకు వెళ్లారు. నల్లా నీళ్లలో విషం ఉందని వాళ్లకు 'కంటితో కనబడింది'. బోరింగు నీళ్లేమో తేటగా, తియ్యగా ఉన్నాయి. మంచి నీళ్లొదిలి చెడ్డ నీళ్లు తాగడం మొదలుపెట్టిన ఆ ఇళ్లలో రెండేళ్ల పిల్లలు, మూడేళ్ల పిల్లలు ఉన్నారు. లోపల శాశ్వత దంతాలు తయారవుతున్న వయసది. అప్పుడు పడిన గోధుమ మచ్చ జన్మలో పోదు.

ఊళ్లో వార్త ఎలా పారుతుందో కూడా రాసుకున్నాం. పేపర్ హోటల్ దగ్గరికి ఒకటి, పంచాయతీకి ఒకటి వస్తుంది. టీవీలో ఊరి సంగతి రాదు. ఊరి సంగతులన్నీ మూడు వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తాయి: యువజనులది ఒకటి, కులసంఘం వాళ్లది ఒకటి, పంచాయతీది ఒకటి. ఫార్వర్డ్‌లు ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పోకుండా వాట్సాప్ 2018లోనే మన దేశంలో హద్దు పెట్టింది. మరీ ఎక్కువ తిరిగిన మెసేజ్ అయితే ఒక్కసారికి ఒక్క చాట్‌కే పోయేలా 2020లో ఇంకా బిగించింది. అయినా ఈ ఊరికి అది అడ్డు కాలేదు. మూడు గ్రూపుల్లో పడితే ఊరంతా పడ్డట్టే.

మొదటి ప్రయత్నం ఎందుకు బెడిసికొట్టింది

నేను ల్యాబ్ రిపోర్టు తెచ్చి, స్కాన్ చేసి, కింద ఒక పేరా వివరణ రాసి పంచాయతీ గ్రూపులో పెట్టించాను. కరపత్రం అచ్చువేయించి పంచాం. ఎవరూ పట్టించుకోలేదు. ఆ వీడియోకు కన్ను సాక్ష్యం. నా రిపోర్టుకు సాక్ష్యం ఒక సంతకం, ఒక స్టాంపు. ఆ రెండింట్లో జనం దేన్ని నమ్ముతారో నేను ముందే ఊహించి ఉండాల్సింది.

రెండోసారి ఇంకా పెద్ద పొరపాటు చేశాం. మా సంస్థలో ఒకరు "అందరికీ టీడీఎస్ మీటర్ చూపిద్దాం" అన్నారు. పెన్నులాంటి ఆ మీటర్ చవక, అంకె వెంటనే చూపిస్తుంది. నేనూ సరేనన్నాను. నల్లా నీళ్లలో పెడితే మూడొందల చిల్లర, ఫిల్టర్ నీళ్లలో పెడితే నలభై. ఇంకేముంది, "చూడండి, నల్లాలో ఎంత చెత్త ఉందో" అని జనమే అన్నారు. టీడీఎస్ అంటే కరిగి ఉన్న మొత్తం లవణాలు. లవణాల వరకు చూస్తే లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచి నీళ్లే. పైగా ఆ మీటర్ నిజానికి లవణాలను లెక్కపెట్టదు. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి దాన్నిబట్టి ఒక అంకె చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో, క్రిములు ఉన్నాయో లేదో దానికి తెలియదు. ఇవన్నీ చెప్పాను. అప్పటికే మీటర్ మీద అంకె అందరూ చూసేశారు. టీడీఎస్ 500 కన్నా తక్కువ ఉన్నచోట ఇళ్లలో ఆర్‌ఓ వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించిన సంగతి కూడా చెప్పాను. ఆ మాట ఒక్క చెవికీ ఎక్కలేదు.

మీటర్లు సంచిలో వేసుకుని తిరిగొచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నీళ్ల వాళ్లం మేమే ఆ వీడియోకు బలం చేకూర్చినట్టయింది.

మూడు గ్లాసులు

ఆగస్టులో వీడియోలో వాడినలాంటి పరికరమే ఆన్‌లైన్‌లో కొన్నాను. ఎవరైనా కొనుక్కోవచ్చు. బడి వరండాలో బల్ల వేయించి, సాయంత్రం పొలం పనుల నుంచి జనం తిరిగొచ్చే వేళకు పంచాయతీ మైకులో చెప్పించాం. ఫిల్టర్ ప్లాంటు నడిపే తమ్ముణ్ని కూడా పిలిచాం. అతన్ని దోషిలా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు, ఆ వీడియో అతను తీసింది కాదు.

నల్లా నీళ్లు ఒక గ్లాసులో, అతని ప్లాంటు నీళ్లే రెండు గ్లాసుల్లో పోశాం. మూడో గ్లాసులోకి ఉప్పు వేయాలి. ఆ ఉప్పు నా సంచిలోంచి తీస్తే మళ్లీ అనుమానం. అందుకని ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వను ఇంటికెళ్లి చిటికెడు ఉప్పు తెమ్మన్నాను. ఆమె కొంగు చివర ముడేసుకుని తెచ్చింది. ముడి విప్పి, తన చేత్తోనే మూడో గ్లాసులో వేసింది.

ప్లగ్గు పెట్టాం. నల్లా గ్లాసు వీడియోలోలాగే పచ్చబడి గోధుమరంగు తిరిగింది. ఫిల్టర్ గ్లాసు తేటగా ఉంది. ఉప్పు వేసిన ఫిల్టర్ గ్లాసు మాత్రం నల్లా గ్లాసుకన్నా వేగంగా, దానికన్నా ముదురుగా మడ్డి కట్టింది. వరండా అంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. తర్వాత వెనక నుంచి ఎవరో, "మరి ఉప్పులో విషముందా?" అన్నారు. నాకు కావాల్సిన ప్రశ్న అదే.

ప్లగ్గు తీసి, కడ్డీల్లో ఒకదాన్ని తెల్ల గుడ్డతో తుడిచి చూపించాను. గుడ్డ మీద తుప్పు. ఆ కడ్డీ ఇనుముది. నీళ్లలో కాస్త లవణం ఉంటే కరెంటు పారుతుంది, కరెంటు పారితే ఇనుము కరిగి నీళ్లలోకి దిగుతుంది, ముందు పచ్చగా, గాలి తగిలాక తుప్పు రంగులో. లవణం బాగా తక్కువున్న నీళ్లలో కరెంటు పెద్దగా పారదు కాబట్టి కడ్డీ పెద్దగా కరగదు. గ్లాసులో కనబడే మడ్డి నీళ్లది కాదు, కడ్డీది. ఇదంతా కలిపి నాలుగు వాక్యాలు చెప్పానంతే. కుర్రాళ్లు ఫోన్లలో తీస్తూనే ఉన్నారు. అవ్వ కొంగు ముడి విప్పడం దగ్గర్నుంచి ఉన్న వీడియో ఆ రాత్రే మూడు గ్రూపుల్లోనూ తిరిగింది, పక్క ఊళ్లకూ పోయింది.

(ఈ ప్రయోగం చేయాలనుకునే వాళ్లకు ఒక జాగ్రత్త. అది నేరుగా ఇంటి కరెంటు మీద నడిచే పరికరం. ప్లగ్గు తీయకుండా కడ్డీనీ, నీళ్లనూ ముట్టుకోవద్దు. పిల్లల చేతికి అసలే ఇవ్వొద్దు.)

వీడియో భయం తగ్గింది. నల్లా నీళ్ల మీద నమ్మకం మాత్రం వెంటనే రాలేదు. అది నాకు మొదట మింగుడుపడలేదు. "సరే సార్, గా వీడియో అబద్ధం. కానీ మా ట్యాంకు నీళ్లు మంచియని ఎట్ల తెలుస్తది? ఇయ్యాల మంచిగున్నయి, రేపు?" అని ఒక మహిళా సంఘం అక్క అడిగింది. ఆమె ప్రశ్నతోనే మా పని మారిపోయింది.

ఐదుగురు, ఒక రంగు పట్టీ

పల్లెల్లో ఇంటింటికీ నల్లా ఇవ్వడానికి కేంద్రం 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు మహిళలకు నీళ్ల పరీక్ష నేర్పాలన్న నియమం ఉంది. నాకు ఆ పథకంలో అన్నిటికన్నా నచ్చిన మాట అది. సంఘంలోంచి ఐదుగురు ముందుకొచ్చారు. ఫీల్డ్ కిట్‌తో ఫ్లోరైడ్ చూడటం తేలికే: గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు, చెప్పినన్ని చుక్కల మందు, కలిపి రంగు చూడాలి. ఫ్లోరైడ్ లేకపోతే గులాబి. పెరిగేకొద్దీ నారింజకు, పసుపుకు తిరుగుతుంది. పక్కన రంగు పట్టీ పెట్టి పోల్చుకుని అంకె చెప్పాలి.

చేతికొచ్చేసరికి తేలికేమీ కాలేదు. మొదటి వారం ట్యాంకు నీళ్లు 1.5 అని వచ్చాయి. అందరి ముఖాలూ వాడిపోయాయి. నాకూ టెన్షన్ పుట్టింది, ఎందుకంటే నా ల్యాబ్ అంకె 0.5. అదే నమూనాను ల్యాబ్‌లో ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌తో మళ్లీ చూస్తే అర కూడా దాటలేదు. తేడా ఎక్కడో వెతికితే క్లోరిన్ దగ్గర దొరికింది. నల్లా నీళ్లలో క్రిములు చావడానికి క్లోరిన్ వేస్తారు. ఆ క్లోరిన్ కిట్‌లోని రంగును తినేస్తుంది. గులాబి పలచబడి, ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు కనబడుతుంది. అప్పట్నుంచి ముందు రోజు పట్టిన నీళ్లను వెడల్పు గిన్నెలో ఎండ తగిలేలా పెట్టి, క్లోరిన్ ఉంటే పసుపు రంగు చూపే క్లోరోస్కోప్‌లో ఆ రంగు రాకుండా పోయాకే ఫ్లోరైడ్ చూడాలని నియమం పెట్టుకున్నాం. క్లోరిన్ మాత్రం అప్పుడే పట్టిన నీళ్లలో చూడాలి, అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కన్నా తగ్గకూడదు.

ట్యూబ్‌లైటు కింద ఒక రంగు, ఎండలో ఒక రంగు కనబడుతోందని కూడా వాళ్లే పట్టుకున్నారు. అందుకని పొద్దున పది గంటలకు, పంచాయతీ వరండా నీడలో, తెల్ల కాగితం వెనక పెట్టి చూస్తారు. ఇద్దరు విడివిడిగా చూసి అంకె రాసుకుంటారు. ఇద్దరి అంకె కలవకపోతే మూడో మనిషి. ఫోన్ కెమెరాతోనే రంగు చదివి అంకె చెప్పే పరికరాలు కూడా ఇప్పుడు ఉన్నాయి. కొందామా అని అడిగాను. "మా కండ్లు చాలు సార్, మందు పైసలు చూడుండ్రి" అన్నారు. వాళ్లు చెప్పిందే సబబు. మందు సీసాకు గడువు తేదీ ఉంటుంది. అది దాటితే ఎంత మంచి కన్నైనా తప్పే చూస్తుంది.

అంకె ఊరికి చేరడం

వారానికి ఒకసారి, బుధవారం పరీక్ష. ఫలితం ఫోటో తీసి గ్రూపులో పెట్టడం మొదట అనుకున్నాం. ఆడవాళ్లు వద్దన్నారు. ఊళ్లో చదవలేని వాళ్లు చాలామంది ఉన్నారు, చదవగలిగినా 0.5 అంటే ఏమిటో తెలియదు. గొంతుతో చెబుదామన్నారు. మొదటి వాయిస్ మెసేజ్ ఇలా ఉంది: "ఇయ్యాల మన ట్యాంకు నీళ్లు చూసినం. ఫ్లోరైడ్ అర ఉంది. ఒకటి దాటొద్దు. క్లోరిన్ కూడా ఉంది. తాగొచ్చు." పది సెకన్లు. ఎవరి కోడలో, ఎవరి బిడ్డో వినగానే గుర్తుపడతారు. ఎక్కడి నుంచో వచ్చిన ఫార్వర్డ్‌కు ఆ అడ్రస్ ఉండదు.

ఫోన్ లేని ముసలివాళ్ల కోసం పొద్దున ఆరింటికి పంచాయతీ మైకులో అదే మాట. పూర్వం డప్పు చాటింపు వేసిన పనే ఇది. చెత్త ట్రాక్టర్‌కు బిగించిన మైకులో కూడా వేద్దామన్నారు గానీ, 'చెత్త పాటతో కలిపి మంచినీళ్ల మాటా?' అని ఒక పెద్దాయన అభ్యంతరం చెబితే మానేశాం. ట్యాంకు గోడ మీద నల్లరంగు పలక గీయించి సుద్దతో అంకె రాస్తున్నారు.

గ్రామసభలో ఒక తీర్మానం చేయించాం: బుధవారం అంకె ఏదొచ్చినా ఆ రోజే చెప్పాలి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తీర్మానం రాసేటప్పుడు అది లాంఛనమనే అనుకున్నాను.

పసుపు రంగు వచ్చిన బుధవారం

2022 జూన్‌లో రోడ్డు పనుల్లో జేసీబీ తగిలి పెద్ద పైపు పగిలింది. రెండు రోజులు నల్లా రాలేదు. మూడో రోజు వచ్చింది. బుధవారం పరీక్ష చేస్తే గొట్టంలో గులాబి పోయి పసుపు వచ్చింది. గిన్నెలో నీళ్లలో క్లోరిన్ మిగల్లేదని ఇంకోసారి చూసుకుని మళ్లీ పరీక్ష చేశారు. పసుపే. పట్టీ మీద 2కీ 3కీ మధ్య. నాకు ఫోన్ చేశారు.

నీళ్లు వదిలే ఆయన్ని అడిగితే విషయం తెలిసింది. ఎండాకాలం, ఊరంతా నీళ్ల కోసం మొత్తుకుంటుంటే పాత బోరు మోటార్ వేసి అదే ట్యాంకు నింపారు. ఇది ఈ ఒక్క ఊరి తప్పు కాదు. నేను తిరిగిన చాలా ఊళ్లలో పైపు ఆగినప్పుడు ఇలాగే చేస్తారు. వాడుకకు నీళ్లు కావాలి కదా. కాకపోతే నల్లాలోంచి వచ్చేది నది నీళ్లో బోరు నీళ్లో చూసి ఎవరూ చెప్పలేరు.

సర్పంచ్ నన్ను పక్కకు తీసుకెళ్లారు. "సార్, ఈ ఒక్కసారికి ఆగుండ్రి. రెండు మూడు రోజుల్ల పైపు బాగైతది. ఇప్పుడు చెప్తే మళ్ల మొదటికొస్తది. ఏడాది కష్టం నీళ్లల్ల పోతది." ఆయన భయం అబద్ధం కాదు. నిజం చెప్పాలంటే, నా మనసు కూడా ఒక్క క్షణం అటే మొగ్గింది. నేనేమీ అనకముందే ఐదుగురిలో చిన్నావిడ అంది: "తీర్మానంల మంచిగుంటేనే చెప్పాలని రాయలేదు కదా, సర్పంచ్ సాబ్."

మధ్యాహ్నానికే వాయిస్ మెసేజ్ వెళ్లింది: "ట్యాంకుల బోరు నీళ్లు కలిసినయి. ఫ్లోరైడ్ రెండు దాటింది. తాగొద్దు, వంటకు వాడొద్దు. బట్టలకు, స్నానానికి వాడుకోండ్రి. మళ్ల మేం చెప్పేదాక ఫిల్టర్ నీళ్లు తాగుండ్రి." సాయంత్రం మైకులో కూడా. ఆ రోజు ఆ ఐదుగురి ఫోన్లూ ఆగలేదు. తిట్టినవాళ్లు ఉన్నారు. ఫిల్టర్ దగ్గర బారు రెట్టింపైంది. డబ్బా కొనలేని వీధులకు పంచాయతీ ట్రాక్టర్‌తో పక్క ఊరి ట్యాంకు నుంచి నీళ్లు తెచ్చి పోశారు. అది సర్పంచ్ ఆలోచనే. ఇచ్చింది చెడ్డ కబురే అయినా, దానితోపాటు దారి కూడా చూపించాలని ఆయనకే ముందు తట్టింది.

పైపు అతికాక ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, నింపి, రెండు రోజులు వరుసగా పరీక్ష చేశారు. రెండుసార్లూ గులాబి. అప్పుడు మైకులో "తాగొచ్చు" అన్నారు.

నల్లా మళ్లీ మూలన పడుతుందని నేను అనుకున్నాను. జూలైలో ఆశా వర్కర్‌తో మళ్లీ అవే ఇళ్లు తిరిగి, మళ్లీ దాహమని అడిగాం. సగం ఇళ్లు దాటి నల్లా బిందెలోంచే ముంచి ఇచ్చారు. పైపు పగలకముందు కూడా అన్ని లేవు. ఎందుకు మారారని ఒక ఇంట్లో అడిగితే, "ఖరాబైన నాడు ఖరాబైనయని చెప్పిండ్రు కదా" అంది ఆ ఇల్లాలు, బిందె మీద మూత పెడుతూ. అంతకుముందు నలభై బుధవారాలు 'తాగొచ్చు' అని చెప్పినా రాని నమ్మకం, ఒక్క 'తాగొద్దు'తో వచ్చింది.

బోరు మోటార్‌ను ట్యాంకు నుంచి వేరు చేసి, వాడుక నీళ్లకు విడిగా ఒక చిన్న తొట్టి కట్టించారు. దీనికి నా సలహా ఏమీ అక్కర్లేకపోయింది. అంకె చేతిలో ఉంది కాబట్టి గ్రామసభలో వాళ్లే అడిగి చేయించుకున్నారు.

ఇంకా తేలనివి

ఫిల్టర్ ప్లాంటు నడుస్తూనే ఉంది, పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు డబ్బాలే. ప్లాంటు వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ బోరు నీళ్లకన్నా చిక్కగా ఉంటుంది. అది మోరీలోంచి పోయి మళ్లీ అదే నేలలోకి ఇంకుతోంది. దీనికి నా దగ్గర ఇంకా మంచి పరిష్కారం లేదు. మోకాళ్లు వంగిన పెద్దమ్మకు ఏ నీళ్లూ ఆ మోకాళ్లు తిరిగివ్వలేవు. ఆమె ఇప్పుడు నల్లా నీళ్లు తాగుతోంది, పప్పు మాత్రం సరిగ్గా ఉడకడం లేదని ప్రతిసారీ చెబుతుంది.

2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారులు వచ్చాక, మందు సీసాలకు బిల్లు మీద సంతకం ఎవరు పెట్టాలన్నది తేలక రెండు నెలలు పరీక్ష ఆగింది. ఆ రెండు నెలలూ బుధవారం మైకులో "ఈ వారం పరీక్ష చేయలేదు, మందు లేదు" అనే చెప్పారు. తర్వాత సంఘం పొదుపు డబ్బులోంచి సీసాలు తెప్పించుకున్నారు. ఇది వాళ్లు మోయాల్సిన ఖర్చు కాదని నేను ఇప్పటికీ ప్రతి సమావేశంలో అడుగుతూనే ఉన్నాను.

వీడియో వచ్చిన 2021లో పుట్టిన పిల్లలకు పాలపళ్లు ఊడి ముందు పళ్లు రావడం 2027, 2028ల్లో మొదలవుతుంది. ఈ పని ఎంతవరకు ఫలించిందో ఆ పళ్ల మీదే కనబడుతుంది. అంగన్‌వాడీ టీచర్ దగ్గర వాళ్ల పేర్లతో ఒక నోటుబుక్ పెట్టించాం. పేరు పక్కన ఒక్కటే గడి: ఇంట్లో తాగేవి ఏ నీళ్లు. ఆరు నెలలకోసారి ఆమె ఇళ్లకు వెళ్లి, దాహమేస్తోందని అడిగి, ఆ గడి నింపుతోంది.